వరదాచారి రాయి

ఫిబ్రవరి, రెండో శనివారం. ఉదయం 5.15కి తిరుపతి నుంచి బయలుదేరాం. వ్యానులో నేను, మునిరత్నం, చెంగల్రెడ్డి, గోపాల్, వరదాచారి. డ్రైవరు శేఖర్‌తో కలిపి ఆరుగురం. ఆకాశం నిర్మలం. కొంచెం చలి.

ఈ నాలుగు ముక్కలూ నా డైరీ నుంచి ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఇప్పటిదాకా డైరీ రాయకుండా ఒక్కరోజు కూడా పడుకోలేదు. ఏం చూశానో రాస్తాను, ఏమనిపించిందో రాయను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. చిత్తూరులో మా ఆఫీసు రికార్డు గదిలో ఎవరో కాగితాలు తిప్పుతున్నారని, ఉద్యోగం మానేస్తానని వాచ్‌మన్ గోల పెడితే, ఆ గదిలోనే చాప వేసుకుని పడుకుని, తెల్లారి 'ఎలుకలు, కనీసం నాలుగు' అని రాసుకున్నవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది కూడా అదే పద్ధతిలో చెబుతాను. నా తప్పు ఉన్నచోట దాచను.

మేం ఐదుగురం ఒకే సెక్షన్‌లో పనిచేసి రిటైరైన వాళ్లం. నేను సూపరింటెండెంటుని. హాజరు పట్టీ నా బల్ల మీద ఉండేది. పది నలభైకి దాన్ని మూసేసేవాణ్ణి. ఆ తర్వాత వచ్చినవాడి గడిలో ఎర్ర సిరాతో అడ్డగీత.

ఎక్కువ గీతలు వరదాచారివే. ఇంట్లో పెరుమాళ్ల ఆరాధన ముగించుకుని తిరుపతి నుంచి బస్సులో చిత్తూరుకు రావాలి కదా, నాలుగైదు నిమిషాలు ఆలస్యమయ్యేది. ఆయన నా ఎదురుగా నిలబడి ఉండగానే గీత కొట్టేవాణ్ణి. "సార్, వచ్చినాను సార్" అనేవాడు. "నువ్వొచ్చినావు, టైము ఆగలేదు" అనేవాణ్ణి. సెక్షనంతా నవ్వేది. సెలవు కింద రాసేసిన ఆ రోజున కూడా ఆయన సాయంత్రందాకా కూర్చుని పని చేసేవాడు. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. అప్పట్లో దాన్ని నేను క్రమశిక్షణ అనుకున్నాను.

కొలిమిగుంట పోదామన్నది గోపాల్. కుప్పం అవతల, కర్ణాటక సరిహద్దు దగ్గర, రాజుల కాలంలో బంగారు గనులు నడిచిన ఊరు. ఇప్పుడు జనం లేరు. శనాదివారాల్లో పక్క ఊరివాళ్లే తిప్పి చూపిస్తున్నారు.

వరదాచారికి అంతకుముందు ఏడాదే గుండెకు స్టెంటు వేశారు. ఆయన భార్య ఆండాళమ్మ గేటు దగ్గర పులిహోర డబ్బా నా చేతికిచ్చింది. "మీ మాట మీద పంపిస్తా ఉండానన్నా. దీపాలు పెట్టే వేళకి ఇంటికి చేర్చండి" అంది.

"ఏమమ్మా, ఆయప్పేమన్నా పసిబిడ్డా, తిరణాల్లో తప్పిపోయేదానికి?" అన్నాడు మునిరత్నం. అందరం నవ్వాం. వరదాచారి కూడా నవ్వాడు. చేరుస్తానని నేను మాట ఇచ్చాను.

పూతలపట్టులో ఇడ్లీ తిన్నాం. పలమనేరు, కుప్పం దాటి కొలిమిగుంట చేరేసరికి పది. గంగులమ్మ అనే ఆవిడ మాకు గైడు. యాభై ఏళ్లుంటాయి. మెడలో కార్డు, చేతిలో టార్చి. మాటకారి. ఊరంటే ఇప్పుడు వరుసగా ఇళ్ల పునాదిరాళ్లు, మధ్యలో వీధులు, వాటి నిండా తుమ్మ, కలబంద. బండల మీద రోళ్లలాంటి గుంటలు వందలున్నాయి. బంగారు రాయిని వాటిలో వేసి ఆడవాళ్లు దంచేవారట. కొలుముల నుంచి తీసి పారేసిన నల్లటి చిట్టెం దిబ్బలు ఇంకా అలాగే ఉన్నాయి. ఇవన్నీ నోట్ చేసుకున్నాను.

ఆ తర్వాత గని దగ్గరికి తీసుకుపోయింది. ఏటవాలుగా లోపలికి దిగే సొరంగం. ఇనుప కడ్డీలు, లైట్లు పెట్టారు. దాని పక్కనే బావిలాంటి నిలువు గుంత, పైన ఇనుప జల్లెడ. సొరంగం నోటి దగ్గర ఒక చదును బండ, దాని మీద చిన్న చిన్న గుంటలు.

"సూడండి సార్" అంది గంగులమ్మ. "లోపలికి పోయే మనిషి ఈ గుంటలో ఒక రాయి పెట్టి పోవల్ల. బయటికొచ్చినాక ఎవురి రాయి వాళ్లే తీసి పారెయ్యల్ల. పొద్దుగూకినా రాయి అట్లే ఉండాదంటే మనిషి లోపలుండాడని ఊరంతా కాసుకోని ఉంటారు. ఇంట్లో బువ్వ ఎత్తిపెడతారు. మూడు దినాలకీ రాకుంటే పెద్దమనిషి ఆ రాయి తీసి ఈ నిలువు గుంతలో ఏస్తాడు."

"ఏస్తే?" అన్నాడు చెంగల్రెడ్డి.

"ఏస్తే ఇంగ ఆ మనిషి కోసం ఎవురూ కాసుకోని ఉండరు సార్. కట్టుకున్న పెండ్లాం గూడా."

"మళ్లా బతికొస్తేనో?"

"వచ్చినా అంతే."

"రేషన్ కార్డులో పేరు కొట్టేసినట్టు" అన్నాడు గోపాల్. ఆమె నవ్వలేదు. రాళ్లు ఏరుకోమంది.

అందరం తలా ఒక రాయి పెట్టాం. వరదాచారి తెల్లటి పలుగురాయి ఒకటి తెచ్చి, పైపంచెతో తుడిచి, ఐదో గుంటలో పెట్టి దండం పెట్టుకున్నాడు. "నామం గూడా పెట్టు సామీ, బోడిగా ఉండాది" అన్నాడు మునిరత్నం.

లోపల ఇరవై నిమిషాలు. గోడల మీద ఉలి దెబ్బలు నిన్న కొట్టినట్టున్నాయి. పదకొండున్నరకల్లా బయట ఉండాలని ముందే చెప్పాను. నలుగురం వచ్చేశాం. ఎవరి రాయి వాళ్లం తీసి పారేశాం. వరదాచారి రాలేదు. ఉలి గుర్తులు తడుముతూ వెనకబడ్డాడు, ఆయనకు టార్చి పట్టుకుని గంగులమ్మ కూడా లోపలే ఉండిపోయింది.

11.34 అయింది. "సార్, టైమయిపోయినాది. రిజిస్టరు ఎత్తెయ్యండి" అన్నాడు గోపాల్.

ముగ్గురూ నా వంక చూశారు. ఇన్నేళ్లకు మళ్లీ నా బల్ల ముందు సెక్షనంతా నిలబడినట్టయింది. అది నాకు నచ్చింది. పలుగురాయి తీసి, పైకెత్తి చూపించి, "వరదాచారి, ఆబ్సెంట్" అని జల్లెడ సందులోంచి నిలువు గుంతలోకి వదిలాను.

మునిరత్నం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. రాయి కింద పడిన చప్పుడు నాకు వినబడలేదు. లోతు ఎక్కువేమో, మా నవ్వుల్లో కలిసిపోయిందేమో.

నిమిషం తర్వాత ఇద్దరూ బయటికొచ్చారు. వరదాచారి ఖాళీ గుంటను, తర్వాత మా మొహాలను చూశాడు. సంగతి తెలిసి ఆయనే ముందు నవ్వాడు. గంగులమ్మ ముఖం మాత్రం మాడిపోయింది.

"ఎంత పని చేసినారు సార్. పెద్దోళ్లు మీరు" అంది. "ఇంగో రాయి పెట్టి ఈ సామి మళ్లా లోపలికి పోయి రానీ. ఐదు నిమిషాలు. నేనూ పోతా తోడు."

వరదాచారి ఇంకో రాయి ఏరుకుని నా వంక చూశాడు. సంతకం పెట్టవచ్చా అని ఆఫీసులో చూసే చూపే. ఐదు నిమిషాలే. నా దగ్గర టైముంది. కానీ వాచీ చూసుకుని, "పన్నెండుకు భోజనం చెప్పాం. ఆలస్యం చేసేది నువ్వు, ఆకలితో ఉండేది మేమా?" అన్నాను.

"సరే సార్" అని ఆ రాయిని కింద పెట్టేశాడు.

రేకుల షెడ్డు కింద రాగిసంగటి, ఆకుకూర పెట్టారు. వరదాచారి బయట తినడు. ఆయన కోసమే ఆండాళమ్మ పులిహోర ఇచ్చింది, మాకూ సరిపోయేంత. ఆయనే అందరికీ వడ్డించాడు. చాలా బాగుందని మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాం. చేతులు కడుక్కుని వచ్చి చూస్తే ఆయన ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని అడుగున మెతుకులు గీరుతున్నాడు.

"నాకు మిగిలిస్తారనుకుంటిని సార్" అన్నాడు.

"వడ్డించింది నువ్వే కదప్పా!" అన్నాడు గోపాల్. మళ్లీ నవ్వులు. ఆయన పక్కనే కూర్చుని తిన్నవాణ్ణి నేను. ఆయన ముందు ఆకు లేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మేం కదిలేటప్పుడు గంగులమ్మ, "నలుగురూ జాగర్తగా పోయి రండి సార్" అంది. గంటన్నర కిందట ఆయన కోసం మా మీద కోప్పడిన మనిషి ఆమె. నలుగురు అన్న మాట నాకు వినబడింది. పొరపాటున అన్నదనుకున్నాను.

డైరీలో ఉన్నది: '1.10. అందరం ఎక్కాం.'

పదకొండు కిలోమీటర్లు వచ్చాక టీ కోసం ఆపాం. శేఖర్ ఐదు టీలు చెప్పాడు. ఐదుగురం తీసుకున్నాం. గ్లాసు మిగల్లేదు, తగ్గలేదు. చెంగల్రెడ్డి వ్యానులోంచి ఒక గుడ్డ సంచీ తెచ్చి, "ఇదెవురిదబ్బా?" అన్నాడు. ఎవరూ మాది అనలేదు. శేఖర్ కూడా కాదన్నాడు. విప్పితే కళ్లజోడు పెట్టె, పంచె, గుండె మాత్రలు. ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. ఎంతసేపో చెప్పలేను. నా చేతిలో టీ చల్లారింది.

"వరదాచారి" అన్నాను చివరికి.

వెనక్కి తిప్పాం. గనికి మూడు కిలోమీటర్ల ఇవతల, తెగిన చెప్పులు చేత్తో పట్టుకుని ఎండలో నడుస్తూ కనిపించాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. సీట్లో కూర్చోబెట్టి నీళ్లు తాగించాను.

"మీరు బయల్దేరేటప్పుడు చెయ్యెత్తినాను సార్. మీరు అద్దంలోంచి నన్ను సూసినారు" అన్నాడు.

అది నిజం. వ్యాను కదిలినప్పుడు రోడ్డు పక్కన ఎవరో ముసలాయన చెయ్యెత్తడం నేను చూశాను. లిఫ్టు అడుగుతున్నాడనుకున్నాను. ముఖం కూడా చూశాను.

నా ఫోన్ తీశాను. వరదాచారి నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్. అంతసేపూ ఫోన్ నా జేబులోనే ఉంది. మోగేలాగే పెట్టి ఉంది. వ్యానులో ఎవరూ దాని మోత వినలేదు.

"సార్, ఇంగా దగ్గిరే ఉండాం. ఒక్క తూరి గనికి పోదాం. రాయి పెట్టి, లోపలికి పోయి వచ్చేస్తా" అన్నాడు వరదాచారి.

"నువ్వు లోపలికి పోతే బయటికొచ్చేది యాడ? గోడలతో గూడా మాట్లాడి వస్తావు. మా ఇంట్లో నన్ను తన్నుతారప్పా" అన్నాడు మునిరత్నం. ఈసారి ఎవరూ నవ్వలేదు, కానీ ఎవరూ వెనక్కి పోదామనీ అనలేదు.

"ఆండాళమ్మకు మాట ఇచ్చాను. రేపు పొద్దున నేనే తీసుకొస్తా" అన్నాను.

"రేపటికి మీకు గుర్తుంటాదా సార్?"

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఆయన ముందే డైరీ తీసి రాశాను: 'ఆదివారం ఉదయం 6. వరదాచారిని కొలిమిగుంట తీసుకుపోవాలి.' ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని తల ఊపాడు.

అక్కణ్ణుంచి తిరుపతి దాకా ఆయన మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. భయపడ్డానని అప్పుడు ఒప్పుకోలేదు. నాడి చూస్తున్నానని చెప్పాను. చెయ్యి వెచ్చగానే ఉంది. ఒకసారి జేబు రుమాలు తీసుకోవడానికి వదిలాను. మళ్లీ పట్టుకోవాలన్న సంగతి చాలాసేపు తోచలేదు. ఆయనే నా చెయ్యి పట్టుకున్నాడు.

చిత్తూరు దాటాక ఆండాళమ్మకు ఫోన్ చేశాను. "వస్తున్నాం. వరదాచారి బాగానే ఉన్నాడు" అన్నాను. "సరేన్నా" అంది. మా ఆవిడ మోకాలి నొప్పి ఎట్లుందని అడిగింది. పెట్టేసింది.

"నన్ను అడిగిందా సార్?" అన్నాడు వరదాచారి.

"అడిగింది. జాగ్రత్తగా తీసుకురమ్మంది" అన్నాను. ఆ రోజు ఆయనకు నేను చేసిన ఉపకారం ఆ అబద్ధం ఒక్కటే.

6.40కి వాళ్ల ఇంటి ముందు దిగాం. మిగతా ముగ్గురూ ముందే దిగిపోయారు. గేటు దగ్గర ఎవరూ లేరు. పిలిస్తే ఆండాళమ్మ దీపాల నూనె చెంబు చేత్తో పట్టుకుని వచ్చింది. "ఏమన్నా, ఇట్లొచ్చినారు? కాఫీ తాగి పోండి" అంది.

"ఇదిగో, తీసుకొచ్చాను" అన్నాను.

"రండి, రండి" అంది.

వరదాచారి తెగిన చెప్పులు గోడవారన వదిలి అరుగు ఎక్కాడు. నేను చెయ్యి వదిలాను. ఆయన తిరిగి చూసి, "రేపు ఆరుకి సార్" అన్నాడు. అప్పుడే శేఖర్ హారన్ కొట్టాడు. కాఫీ వద్దని చెప్పి వచ్చేశాను. వెనక తలుపు గడియ పడిన చప్పుడు వినబడింది. ఆయన అరుగు ఎక్కడం చూశాను. గడప దాటడం చూశానా? ఎన్నిసార్లు తరచి చూసుకున్నా అక్కడ నాకేమీ కనబడదు.

ఆ రాత్రి డైరీలో నేను రాసింది: '6.40. ఆండాళమ్మ ఇల్లు. కాఫీ వద్దన్నాను. 7.05 ఇల్లు.' అంతే. ఆయన పేరు లేదు. ఎప్పుడు ఎవరిని ఎక్కడ దింపినా పేరు రాయడం నా అలవాటు.

మర్నాడు ఐదుంబావుకు లేచి డైరీ తిరగేశాను. 'వరదాచారిని కొలిమిగుంట తీసుకుపోవాలి' అని నా చేతిరాత. ఎవరీ వరదాచారి అనుకున్నాను. కాఫీ తాగడం సగంలో గుర్తొచ్చింది. శేఖర్‌ను పిలిపించి ఆరుంబావుకల్లా వాళ్ల ఇంటికి చేరాను.

వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి ఉంది. అప్పుడే పెట్టిన ముగ్గు. వరదాచారి అరుగు చివర, తలుపు పక్క గోడకు వీపు ఆనించి, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని ఉన్నాడు. నిన్నటి చొక్కానే. గుడ్డ సంచీ ఒళ్లో ఉంది. ముగ్గు గీత ఆయన పాదాల దాకా వచ్చి, వాటికి తగలకుండా చుట్టూ తిరిగి, అవతలికి పోయింది. ఒక్క చుక్క తప్పలేదు.

ఆండాళమ్మ అరుగు మీద ఆయన పక్కనే నిలబడి గోడ మీది పాల ప్యాకెట్టు తీసుకుంటోంది. "ఏమన్నా, ఇంత పొద్దున్నే?" అంది.

నేను చెయ్యి చూపించాను. నేను చూపించిన వైపు చాలాసేపు చూసి, "ఏముండాదన్నా ఆడ?" అంది.

నేను పోయి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "వరదాచారీ" అని గట్టిగా పిలిచాను. భుజం కట్టెలా బిగుసుకుపోయి ఉంది. అప్పుడు ఆమె చేతిలోంచి ప్యాకెట్టు పడి పగిలింది. ముగ్గు మీద పాలు పారాయి. ఆమె కేకకు వీధి వీధంతా లేచింది.

వచ్చిన డాక్టరు, ప్రాణం పోయి పది గంటలు దాటిందన్నాడు. గుండె ఆగిందన్నాడు. సంచీలో మాత్రలు అట్లాగే ఉన్నాయి, నీళ్లే లేవు. రాత్రి ఇద్దరు దిగారని శేఖర్ ప్రమాణం చేసి చెప్పాడు. నేనొక్కణ్ణే వచ్చానని ఆండాళమ్మ అంది. ఇద్దరికీ అబద్ధమాడే అవసరం లేదు. చూసింది చూసినట్టు రాయడం తప్ప నాకింకేమీ చేతకాదు. రాశాను. దీనికి కారణం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎనిమిదికి బంధువులకు కబురు చెప్పడం అయ్యాక ఆండాళమ్మ నన్ను లోపలికి పిలిచింది. అప్పటికి ఏడవడం ఆపేసింది.

"రాత్రి మీరు పోయినాక ఎవురో తలుపు కొట్టినారన్నా" అంది. "శానాసేపు కొట్టినారు. నా పేరు పెట్టి గూడా పిలిచినారు. నేను ఎవురి కోసమూ కాసుకోని లేను గదా, పక్కింటికి వచ్చినోళ్లేమోలే అని దీపం తగ్గించి పడుకుంటి."